అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు

నేను ఒక రేకు బోర్డుని. వ్యాపారంలోకి దిగిననాడు నా చేతిలో ఉన్న పెట్టుబడి నాలుగు మాటలు, మేకులకు రెండు చిల్లులు, ఒక పూత నీలం రంగు. ఆ నాలుగు మాటలూ ఇవి: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

నిజానికి ఇంకో రెండు మాటలు రావలసింది. నిడదవోలు మెయిన్ రోడ్డులో రాతిచిప్పల కొట్టు పెట్టిన గ్రంధి కామేశం గారు నన్ను రాయిస్తున్నప్పుడు, పైన ‘దయచేసి గమనించండి’ అని పెట్టమంటారా అని పెయింటరు అడిగాడు.

“అక్షరానికి ఎంత?”

పెయింటరు చెప్పాడు.

“అయితే వద్దు. కళ్ళున్నవాళ్ళు వాళ్ళే గమనిస్తారు.”

అలా నేను దయ లేకుండా పుట్టాను. కామేశం గారిని తప్పుపట్టను. కొత్త రాతిచిప్పకి నూనె రాయాలి, గంజి పోసి సన్నని సెగ మీద పదును చెయ్యాలి. అంత ఓపిక లేనివాళ్ళు నేరుగా పెద్దమంట మీద పెట్టి, అడుగు బీటలిచ్చాక ముక్కలు సంచిలో వేసుకుని కొట్టుకి వచ్చేవారు. ఆయన మాట్లాడేవారు కాదు. వేలు పైకెత్తి నన్ను చూపించేవారు. కొనేముందు నన్ను చదివినవాడు లేడు, పగిలాక చదవనివాడూ లేడు. జీతం అడగని గుమస్తాగా ఆ కొట్టుకి నేను మిగిల్చింది తక్కువేమీ కాదు.

ఆయన తరవాత కొడుకు నరహరి గారు గల్లా ముందు కూర్చున్నారు. ఈయన వేలు కూడా ఎత్తరు, కనుబొమ్మలు ఎత్తుతారు. పని జరిగిపోయేది.

అలాంటి రోజుల్లో రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీవాళ్ళు వచ్చి మా గోడ మీద ఎర్రరంగు గీత గీశారు. ముందు సగం పోతుంది, వెనక సరుకు గది మిగులుతుంది. రోడ్డు తవ్వి పడేశాక మెట్లెక్కేవాళ్ళే లేరు. వెనక గది నిండా చిప్పలు. వాటిని చెక్కినవాళ్ళకి డబ్బు ముందే ఇచ్చేశారు. శ్రావణం దాటితే గోడ కొడతారు.

నరహరి గారి కోడలు హైమావతి ఫోన్లోనే కొట్టు పెడదామంది. చిప్పలన్నిటికీ ఫోటోలు తీసి ధరలు పెట్టింది. ఇక డబ్బు వచ్చే దారి ఒక్కటే చూడాలి.

“గేట్‌వే అని ఉంటుంది మావయ్యగారూ. కొన్నవాళ్ళు కట్టిన డబ్బు వాళ్ళు పుచ్చుకుని, కమీషను మినహాయించుకుని, రెండ్రోజులకి మన ఖాతాలో వేస్తారు.”

“మొహం చూపించని దళారీ అన్నమాట.”

“మొహం మనదే చూపించమంటున్నారండి. కొట్టు ముందు నిలబడండి, ఫోటో కావాలిట.”

ఆ ఫోటోలో ఆయన తలకి పైన నేనున్నాను. పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఫోటో అన్నీ పంపింది, ఆ ఫోటోనే ఫోన్ కొట్టు పేజీలోనూ పెట్టింది. వాపసు గురించి కూడా ఒక పేజీ రాయాలిటండి అని అడిగితే నరహరి గారు కనుబొమ్మలెత్తారు. ఆ పిల్ల నన్ను అక్షరం పొల్లుపోకుండా ఆ పేజీలోకి దింపేసింది. కొట్టు దాటి బయటికి వెళ్ళడం నాకదే మొదలు.

దరఖాస్తు తిరిగి వచ్చింది. వాపసు లేదన్న నన్నే వాపసు పంపారు. సరుకు పాడై చేరితే ఎన్నాళ్ళలో చెప్పాలో, డబ్బు ఎలా తిరిగి ఇస్తారో రాస్తే గాని గేట్‌వే ఇవ్వరట.

“మా నాన్న పెట్టిన మాట అది. వాడెవడో మార్చమంటే మార్చేస్తానా?”

“మార్చకపోతే గేట్‌వే రాదండి. అది రాకపోతే శ్రావణం తరవాత మనకి బేరం లేదు.”

పక్క కొట్టు గోడ మీద జేసీబీ పని చేస్తోంది. ఒక్కో దెబ్బకీ నేను మేకు మీద కదులుతున్నాను.

“రాసుకో,” అన్నారు చివరికి. “దారిలో పగిలితే, వారంలోగా చెబితే, డబ్బు వాపసు. పొయ్యి మీద పగిలితే కాదు.”

“ఎక్కడ పగిలిందో మనకెలా తెలుస్తుందండి?”

“నాకు తెలుస్తుంది.”

ఈసారి గేట్‌వేవాళ్ళు ఒప్పుకున్నారు. హైదరాబాదు మియాపూర్ నుంచి పద్మిని అనే ఆవిడ పులుసు చిప్పకి డబ్బు కట్టింది. నరహరి గారు ఫోన్ని కళ్ళకద్దుకున్నారు. బోణీ కదా. కొట్లో కొన్నవాళ్ళకి కట్టిచ్చినట్టే తన చేత్తో గడ్డి చుట్టి పెట్టెలో పెట్టారు. అయితే కొట్లో కొన్నవాళ్ళు చిప్పని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతారు. ఈ చిప్పకి ఒడి లేదు.

పార్శిలు చేరిన సాయంత్రమే ఫోటో వచ్చింది. చిప్ప పగిలింది, డబ్బు తిరిగి ఇవ్వండి.

“కొత్త చిప్ప పంపుతానన్నానండి. వద్దు, డబ్బే కావాలంటోంది,” అంది హైమావతి. “ఇవ్వకపోతే తన బ్యాంకుకి ఫిర్యాదు పెడుతుంది. మొదటి బేరానికే ఫిర్యాదు వస్తే గేట్‌వేవాళ్ళు మన ఖాతా ఆపేస్తారేమో.”

“బోణీ డబ్బు వెనక్కి ఇచ్చిన కొట్టు ఎక్కడైనా ఉందా అమ్మాయ్? ఏది, ఫోన్ కలుపు.”

కలిపింది.

“పొయ్యి మీద పెట్టారామ్మా?”

“లేదండి. పెట్టె విప్పేసరికే ఇలా ఉంది. మీరు నమ్మరని తెలుసు. మీ పేజీలో ఫోటో చూశాను లెండి, మీ నెత్తిమీద బోర్డు కూడా చదివాను.”

కొనేముందు నన్ను చదివిన మొదటి మనిషి ఆవిడ.

నరహరి గారు ఫోటోని పెద్దది చేసి చూశారు. సెగకి పగిలితే బీట అడుగు నుంచి బయలుదేరుతుంది. ఇది పట్టుకునే చెవి దగ్గర మొదలై అంచు వరకే పోయింది. దారిలో తగిలిన దెబ్బ అది. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. హైమావతికి తెలియదు, ఫోనులో ఉన్న ఆవిడకీ తెలియదు. మంటకే పగిలిందమ్మా అని ఒక్కమాట అంటే కాదనేవాళ్ళు లేరు. ఆయన తలెత్తి నన్ను చూశారు. ఇన్నేళ్ళూ ఆ చూపు కోసమే మేకుకి వేలాడాను. చెప్పు, నా నాలుగు మాటలూ చెప్పు అనుకున్నాను.

“తప్పు మాదేనమ్మా,” అన్నారు. “గడ్డి చాల్లేదు.”

“సరేనండి,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

హైమావతి ఫోన్ చాపితే వాపసు మీట ఆయనే నొక్కారు. నొక్కిన వేలుని పంచెకి తుడుచుకున్నారు.

“ఇది బోణీ కింద లెక్కెయ్యకు. రేపొచ్చేదాన్ని బోణీ అందాం.”

“రేపు రాకపోతేనండి?”

“ఎల్లుండిది.”

గేట్‌వేవాళ్ళు మాత్రం తమ కమీషను వాపసు ఇవ్వలేదు. వాళ్ళ గోడకీ నాలాంటివాడెవడో వేలాడుతుండాలి.

గోడ కొట్టేముందు హైమావతి నన్ను దింపింది. పాతసామాన్లవాడికి వేద్దామా అంటే నరహరి గారు వద్దన్నారు. ఇప్పుడు వెనక గదిలో బల్ల మీద బోర్లా పడి ఉన్నాను. అక్షరాలు కిందికి, వీపు పైకి. నా వీపు మీద అట్ట పరిచి, కత్తితో కోసి, గడ్డి మీద ఇంకో చుట్టు వేస్తున్నారు మామా కోడలూ.

లెక్క తేలుస్తాను. పోయినవి: ఒక చిప్ప, దాని కొరియరు ఖర్చు, దళారీ కమీషను, ఒక బోణీ, నా నాలుగు మాటలు. వచ్చినవి: నా వీపు మీద కత్తిగీతలు. గీతకో పార్శిలు. పొద్దున్న కూడా కొన్ని పడ్డాయి. గోడ మీద నిలబడ్డన్నాళ్ళూ సరుకు లోపలికి రాకుండా ఆపాను, ఇప్పుడు పడుకుని బయటికి పంపుతున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లాభం పడుకున్నదాన్లోనే ఉంది.