నూనె రాసిన మైనం ముక్క

నాయిన కడుపులోని గడ్డ నుంచి పెసరగింజంత ముక్క తీసి, మైనంలో పొదిగి, చిన్న ప్లాస్టిక్ బిళ్లగా చేసి నా చేతికిచ్చారు నాగర్‌కర్నూల్ ల్యాబ్‌వాళ్లు. మర్నాడే దాన్ని హైదరాబాద్ దవాఖానలో ఇవ్వాలి. ఇంట్లో పెట్టి పడుకోవాలన్నా భయమే. ఎలుక ఎత్తుకుపోతే? ఉక్కకు కరిగితే? పోపుల డబ్బా ఖాళీ చేసి అందులో దాచాను.

నా భయమంతా డాక్టరమ్మ చెప్పిన మాటతోనే. "గడ్డ మీద ఒక రకం ప్రొటీన్ ఉంటుంది హెప్సిబా. దాన్ని అడ్డం పెట్టుకుని గడ్డ మన ఒంట్లోని రక్షణ కణాల నుంచి తప్పించుకుంటుంది. అది ఎక్కువ ఉన్నవాళ్లకు కీమోతో పాటు ఇంకో ఇంజక్షన్ బాగా పనిచేసే అవకాశం ఉంది. లేకపోతే కీమో ఒక్కటే. ఈ ముక్కలో అది ఎంతుందో ల్యాబ్‌లో చూడాలి," అంది. ఎన్నో ఊళ్లలో కాలువలు తవ్విన మా నాయిన ఇస్రాయేలు అప్పటికే గ్లాసెడు జావ తాగలేకపోతున్నాడు. కీమో ఒక్కటే అయితే ఎన్నాళ్లుంటాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పొద్దున లేచేసరికి అమ్మ రంగమ్మ ఒళ్లో డబ్బా, మూత తీసి ఉంది. చర్చి నుంచి తెచ్చిన ప్రార్థన నూనెతో రోజూ నాయిన కడుపు మీద సిలువ గీస్తుంది. ఆ పొద్దు మైనం ముక్క మీద గీస్తోంది.

"ఏం జేస్తున్నవమ్మా!"

"ఇది గూడ మీ నాయినే గద బిడ్డా. ప్రార్థన లేకుండ పట్నం ఎట్ల పంపాలె?"

నా నోరు మంచిది కాదు, ఆ సంగతి వాడకంతా తెలుసు. "ముక్క మీదున్న ప్రొటీనంత తుడిసేసినవ్! నాయిన పానం నీ చేత్తోనె తుడిసేసినవ్!" అని అరిచాను. లోపల మంచం మీద నాయిన దగ్గాడు. అమ్మ నూనె అంటిన కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

బస్సులో దారంతా డబ్బా ఒళ్లో పట్టుకునే కూర్చున్నాను. దవాఖాన ల్యాబ్‌లో కళ్లద్దాలాయన బిళ్లను వెలుతురుకు పట్టి, ఈ జిడ్డేమిటని అడిగాడు. జరిగింది చెప్పాను.

"ముక్క లోపలుంది. పైపొర కోసి తీసేస్తాం. ఏం కాదు," అన్నాడు.

అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఆ మాట ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. తర్వాత కూడా చెప్పలేదు.

పది రోజులకు ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చదివింది. "ఆ ప్రొటీన్ దాదాపు లేదు. ఆ ఇంజక్షన్‌తో పెద్దగా లాభం ఉండదు. కీమోతోనే చూద్దాం."

నాయిన సరేనన్నట్టు తలూపాడు. అమ్మ మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని ఉంది.

"ఉండె గద మేడం, అది? నేనే తుడిసేసిన గద?"

డాక్టరమ్మ అర్థంకాక నా వైపు చూసింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని, "కాదమ్మా, నీతోని కాలే. నువ్వేం జెయ్యలే," అన్నాను.

అమ్మ నన్ను చూడలేదు. నేను అరిచిన రోజే నా మాట నమ్మేసింది.