గుప్పెడు పచ్చగడ్డి

షావుకారు అబ్దెటా మా గిషే పెద్దమ్మ చేలో ఒక గోధుమ వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, ఒక గింజ కొరికాడు. మిగతావి నేలపాలు చేసి బూటుతో తొక్కాడు.

"మెత్తగా ఉంది. అయినా పోనీలే, పంటంతా నా లారీకెత్తుతానంటే కోత మిషను దింపుతా. ధర నేను చెప్పిందే."

"గింజ గట్టిదే నాయనా. నీ పళ్లే మెత్తబడ్డట్టున్నాయి," అంది పెద్దమ్మ.

ఎవరమూ నవ్వలేదు. చిలాలో అనే మా కొండ మీద మబ్బు దిగుతోంది. పండిన గోధుమ తడిస్తే వెన్నులోనే మొలకెత్తుతుంది. కోత మిషన్లు వచ్చాక మేం ఎద్దులు అమ్ముకున్నాం, కొడవళ్లు తుప్పుపట్టాయి. మిషన్లు తెచ్చేది అబ్దెటా ఒక్కడే. పంట మేమే పట్నం మిల్లుకు తోలుకుందామంటే దారికి అడ్డంగా అతను కట్టించిన గొలుసు. అది అతని లారీలకే కిందికి దిగుతుంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ వాకిట్లో అందరం కూడాం.

"ఇచ్చింది తీసుకుందాం. తడిస్తే అదీ రాదు," అన్నాడు నా మొగుడు బూలో.

"తీసుకో బావా. వచ్చే ఏడు చేను కూడా ఆడికే ఇచ్చి, ఆడి లారీ కడుగుదువుగాని," అంది పెద్దమ్మ కోడలు షూరో.

బూలో చెప్పిన మాట అప్పటికే నా నోటిదాకా వచ్చి ఉంది. అందుకే అతని మీద కోపం వచ్చింది. అబ్దెటా ఇంటికి వెళ్లిపోయాడు గానీ, మా ఒక్కొక్కరి లోపలా చిన్నగా కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు.

పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లి తన సింకె తెచ్చింది. పెళ్లినాడు తల్లి కూతురి చేతికిచ్చే సన్నటి కర్ర అది. ఆడవాళ్లు దాన్ని పట్టుకుని దారికడ్డంగా నిలబడితే మా ఆర్సీ సీమలో ఏ మగవాడూ దాటడు. సింకె పట్టినవాళ్లు కేకేసి పిలిస్తే, ఆ పిలుపు వినబడ్డాక ఏ ఆడదీ ఇంట్లో ఉండకూడదు.

గొలుసు తీసేదాకా మిషనును ఎటూ కదలనివ్వకూడదని, తెల్లారేసరికి సింకెలతో దాని ముందు దారికడ్డంగా నిలబడి ఉన్నాం. డ్రైవరు టోలా ఇంజను ఆపి దిగాడు.

"ఎక్కరా," అన్నాడు అబ్దెటా.

"మా అమ్మ వయసావిడ కర్ర పట్టుకునుంటే ఎట్టా తోలమంటావన్నా? నువ్వే తోలుకో."

అబ్దెటా తోలలేదు. గుంపులో భయం పంచుకుంటే తగ్గుతుందంటారు. నాలో మాత్రం పక్కవాళ్ల భయం కూడా వచ్చి చేరింది. అయినా కాళ్లు కదల్లేదు. అదే ధైర్యమేమో, నాకు తెలియదు.

మధ్యాహ్నం దాటాక అతను ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో గుప్పెడు పచ్చగడ్డి.

"తప్పయింది, తల్లులారా. రేపు మిషను దిగుతుంది. గొలుసు తీయిస్తా. మీ గోధుమ మీకిష్టమొచ్చిన చోట అమ్ముకోండి."

గడ్డి పట్టుకుని అడిగినవాణ్ణి క్షమించి తీరాలి. లేకుంటే సింకెకే అపచారం. అతని కళ్లు మమ్మల్ని చూడటం లేదు, మబ్బును చూస్తున్నాయి. నేను చూశాను. పెద్దమ్మా చూసింది. అయినా గడ్డి అందుకుని, కర్రలు దించి దీవించాం. నోరు నాదే, దీవెన మాత్రం మా అమ్మమ్మలది.

మర్నాడు మిషను లేదు. కొండ అవతలి ఊరికి తోలించేశాడు. ఆ మాపు మొదలైన వాన వారమంతా కురిసింది. చేలల్లో వెన్నులు నిలుచున్నచోటే పచ్చగా మొలకెత్తాయి. వాన వెలిశాక అబ్దెటా లారీతో వచ్చాడు.

"మొలకెత్తిన గోధుమ మీకెందుకు? కోసి ఎత్తండి. దాణా ధర ఇస్తా."

"మా ఆవులకూ నోళ్లున్నాయి," అంది పెద్దమ్మ.

ఈసారి బూలో కూడా ఒక్క వెన్ను ఎత్తలేదు. లారీ ఖాళీగా తిరిగిపోయింది. మా గాదెలూ ఖాళీగానే ఉన్నాయి. రెండోనాడు పోలీసులు వచ్చి, దారి అడ్డగించిన నేరం కింద పెద్దమ్మను తీసుకుపోయారు. మేం బండి వెనక పరుగెత్తాం. బండి ఆగలేదు. ఇంటికొచ్చి కూర్చుంటే నాకు ఏడుపు కూడా రాలేదు. ఓడినవాళ్లం చెయ్యగలిగిందల్లా పొయ్యి ముట్టించడమే అనిపించింది.

పెనం మీద బార్లీ రొట్టె వేశాను. అప్పుడు కొండ అవతల నుంచి కేక వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఆడగొంతులు. మిషను వెళ్లిన ఊరి నుంచి సింకె పిలుపు.

నా చేలో కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. రొట్టె పెనం మీదే వదిలేసి లేచాను. దారిలో షూరో కలిసింది. అప్పటికే ఊరి ఆడవాళ్లంతా కొండదారి ఎక్కుతున్నారు.

"అక్కా, ఆడు మళ్లీ గడ్డి పట్టుకొస్తే?"

"వాళ్ల చేను కోసి, గింజ గొలుసు దాటేదాకా తీసుకోం."

"తీసుకోకపోతే పాపమంటారు గదక్కా."

"పాపమే," అన్నాను. "నడువు."