మొక్కులన్నీ తీరాక

తాతబాబుని సముద్రం మీద బతికించింది ఎవరో తేల్చుకోడానికి అతనికి రెండేళ్లు పట్టింది. జాలరిపేటలో ఇంకెవరికీ ఆ సంగతి పట్టలేదు. మనిషి తిరిగొచ్చాడు, అంతే చాలనుకున్నారు.

తొంభై ఆరులో దసరా వెళ్లాక బావ ఎల్లాజీ మర బోటు మీద వేటకి వెళ్లాడు తాతబాబు. తాతబాబు భార్య చిలకమ్మకి ఎల్లాజీ అన్న. బోటు నడిపేది అతనే. కూడా మరో ముగ్గురు కళాసీలు. ఒడ్డు కనబడనంత దూరం పోయాక ఇంజిను ఆగిపోయింది. ఎల్లాజీ దాన్ని విప్పాడు, బిగించాడు, బూతులు తిట్టాడు, ఆఖరికి దానికే దండం పెట్టాడు. అది కిక్కురుమనలేదు. పడమటి గాలికి బోటు ఇంకా లోపలికి కొట్టుకుపోసాగింది. బియ్యం అయిపోయాయి. మంచినీళ్లూ అయిపోయాయి. చేపల కోసం తెచ్చిన ఐసు కరిగితే, నీచు కంపు కొడుతున్న ఆ నీళ్లే గుక్కెడు గుక్కెడు పంచుకున్నారు.

తాతబాబు మొక్కుకోవడం మొదలెట్టాడు. ముందు గంగాలమ్మకి. తల్లి పోతమ్మ రోజూ దీపం పెట్టే అమ్మవారు ఆమె. ఏటపోతునిస్తానన్నాడు. ఓడ జాడ లేదు. సింహాద్రి అప్పన్నకి తలనీలాలిస్తానన్నాడు. ఆ తర్వాత విశాఖ రేవు మొగలో, ఓడలు లోపలికొచ్చే దగ్గర ఉన్న మూడు కొండలూ గుర్తొచ్చాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత గుడి. పుట్టిన దగ్గర్నించీ చూస్తున్న కొండలే గాని ఏనాడూ ఎక్కినవాడు కాదు. ముగ్గురికీ మొక్కాడు. అక్కడితో అతనికి తెలిసిన పేర్లన్నీ అయిపోయాయి.

ఆ మర్నాడు తెల్లారగట్ల నోరు పిడచకట్టి బోటు ముందు భాగంలో పడున్నాడు. అడగడానికి ఎవరూ మిగల్లేదు. అడిగే ఓపికా లేదు. అప్పుడు ఉన్నట్టుండి అతని భయం పోయింది. ఎవరో వచ్చి పక్కన కూచున్నట్టనిపించింది. మాట లేదు, రూపం లేదు. చంటిబిడ్డ నిద్రపోతుంటే తల్లి పక్కన కూచోదూ, అలాగ. చచ్చినా బతికినా ఫరవాలేదనిపించింది. ఆ మధ్యాహ్నం స్టీలు ప్లాంటుకి బొగ్గు తెస్తున్న విదేశీ ఓడ ఒకటి వాళ్లని చూసి, నిచ్చెన దింపి ఎక్కించుకుంది.

ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక తాతబాబు మొక్కులు తీర్చడం మొదలెట్టాడు. ఏటపోతుని కోసిననాడు గంగాలమ్మ గుడి దగ్గర అంతా అన్నారు, "అమ్మోరు బతికించింది." సింహాచలంలో గుండు కొట్టించుకుంటే మంగలి అన్నాడు, "అప్పన్నబాబు బతికించేడు." వెంకటేశ్వరుడి కొండ మీద పూజారీ, మేరీమాత గుడిలో కొవ్వొత్తులమ్మే ఆవిడా అదే మాటన్నారు, ఎవరి దేవుణ్ని వాళ్లు చెప్పుకుని. దర్గాలో నెమలీకల కట్టతో తల నిమిరిన ముసలాయన మాత్రం, "ఎవరికి చెందాలో వాళ్లకి చెందుతుందిలే బేటా" అన్నాడు. తాతబాబుకి అదీ చాల్లేదు.

"అందరూ కలిసి బతికించేరనుకో బావా. నీ సొమ్మేటి పోయింది?" అన్నాడు ఎల్లాజీ.

"అలగ కాదు బావా. ఎవలో ఒకలు నా పక్కన కూకున్నారు. నాను ఎరుగుదును. ఎవలో తెల్దు. మనింటికొచ్చి మేలు సేసి ఎలిపోయినోడి పేరు తెలకపోతే మనసు ఊరుకుంటదేటి?"

"ఎండకి నీకు బుర్ర తిరిగింది. మరేటి కాదు" అన్నాడు ఎల్లాజీ. ఆ మాట కూడా తాతబాబు ఆలోచించాడు. నిజమే కావచ్చు. కానీ బుర్ర తిరిగినవాడికి అంత నెమ్మది ఎక్కణ్ణించొస్తుంది?

వేటలేని రోజుల్లో తిరగడం మొదలెట్టాడు. ఒక స్వామీజీ ఉపన్యాసానికెళ్లాడు. దర్గాకి మళ్లీ వెళ్లాడు. కొన్నాళ్లు శనివారాలు ఉపవాసం ఉన్నాడు. కడుపు ఖాళీ అయింది గాని మనసు నిండలేదు. గంగాలమ్మ ముందు నిలబడితే చేతులు జోడించేవాడు. కళ్లు మూసుకుంటే మాత్రం, అడ్రసు రాయని కార్డు పోస్టు డబ్బాలో వేసినట్టుండేది. పోతమ్మ కొడుకుని కనిపెడుతూనే ఉంది.

చిలకమ్మ తెల్లారే హార్బరులో చేపలు కొని, రైలెక్కి దువ్వాడలో అమ్ముకొచ్చేది. ఒక ఆదివారం బోటు రిపేరులో ఉంటే గంప మోయడానికి తాతబాబు తోడు వెళ్లాడు. స్టేషను అవతల కొత్తగా లేస్తున్న ఇళ్ల మధ్య ఒక రేకుల షెడ్డులోంచి పాటలు వినిపించాయి. "గురునాథరావుగారి ప్రార్థన మావా. ప్లాంటులో పనిచేత్తారు. ఆదివారాలు ఇక్కడ వాక్యం సెప్తారు. ఆరి ఇంట్లో అమ్మగారు ఎప్పుడూ కొనమీనులే కొంటాది. కూటం అయ్యేక ఇచ్చేసి ఎలిపోదాం" అంది చిలకమ్మ. ఇద్దరూ గుమ్మం పక్క నీడలో కూచున్నారు.

లోపల గురునాథరావు ఒక కథ చెబుతున్నాడు. చేపలు పట్టేవాళ్ల పడవలో ఏసు ప్రయాణం చేస్తున్నాడు. పొద్దంతా జనంతో తిరిగి అలిసిపోయి, పడవ వెనకభాగంలో తలగడ మీద తల పెట్టి నిద్రపోయాడు. గాలివాన లేచింది. పడవలోకి నీళ్లొచ్చేస్తున్నాయి. వాళ్లు ఆయన్ని లేపి, మేం చచ్చిపోతుంటే నీకేం పట్టదా అని అరిచారు.

తాతబాబు నీడలోంచి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దేవుళ్లు కొండ మీదుంటారని తెలుసు, గుడిలో ఉంటారని తెలుసు. పడవలో ఉన్న దేవుడి సంగతి వినడం అదే మొదలు. అలిసిపోయి పడుకున్న దేవుడు. ఆ పడవ మునిగితే వాళ్లతోపాటు ఆయనా మునిగేవాడు.

కూటం అయ్యాక గురునాథరావు బయటికొచ్చాడు. పలాస వైపు రైతుబిడ్డ. నలభై అయిదేళ్లుంటాయి, కొలిమి వేడికి కమిలిన మొహం. తాతబాబు తన కథంతా చెప్పి అడిగాడు, "అయ్యగారూ, ఆ దినం నా పక్కన కూకున్నది ఈయనేనా?"

ఔననే అంటాడని తాతబాబు అనుకున్నాడు. ఇంతవరకూ దాదాపు అందరూ అన్నదే అది.

"నాకు తెలీదు తమ్ముడూ. నేనా బోటులో లేను కదా" అన్నాడు గురునాథరావు. "ఔనని చెప్పి నిన్ను ఇక్కడ కూచోబెట్టడం నాకు తేలికే. కానీ తెలీని దానికి సాక్ష్యం చెప్పకూడదు. ఆయన్నే అడుగు. జవాబొచ్చేదాకా అడుగు. రాకపోతే వేరే చోట వెతుక్కో, నేనేమీ అనుకోను."

తిరుగు రైల్లో చిలకమ్మ ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని మొగుడి వంక చూస్తూ కూచుంది. విశాఖ స్టేషన్లో దిగాక అన్నాడు, "తెల్దని సెప్పేడే. ఇన్నాళ్లకి ఒకడు తెల్దని సెప్పేడు."

ఆ తర్వాత వీలైన ఆదివారమల్లా వెళ్లాడు. తోచిందల్లా అడిగాడు. మా అమ్మోరు అబద్ధమా అనడిగాడు. అమ్మవారి సంగతి నేను చెప్పలేను, ఏసు సంగతే చెప్పగలను అన్నాడు గురునాథరావు. చదువులేనోళ్లని ఆయన దగ్గరికి రానిచ్చాడా అనడిగాడు. ముందు పిలిచింది వలలు బాగుచేసుకునేవాళ్లనే అని తెలిసి, ఆ వారమంతా వల అల్లుతూ తనలో తను నవ్వుకున్నాడు.

జవాబు ఎప్పుడొచ్చిందో అతను సరిగ్గా చెప్పలేడు. ఒకనాడు పొద్దున్న బోటు మీద మొహం కడుక్కుంటూ అలవాటుగా అడిగాడు, "నువ్వేనా?" అని. అడిగాక తెలిసింది, ఎదురుగా ఉన్నవాణ్నే, ఆనాడు పక్కన కూచున్నవాణ్నే, నువ్వేనా అని అడుగుతున్నానని. బోటు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి, కొంచెం సముద్రానివి, కొంచెం కంటివి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ముందు ఎల్లాజీకి చెప్పాడు. ఎల్లాజీ మొహం నల్లబడింది.

"బోటు కదిలేముందు కొబ్బరికాయ కొట్టేది నువ్వే కదా. రేపట్నించి కొట్టవా?"

"కొట్టను బావా."

"అయితే ఎక్కకు. ఐదుగురి పేణాలు. నీ ఒక్కడి పిచ్చికి నాను పూచీ పడలేను."

తాతబాబు ఎదురాడలేదు. వేరే బోట్ల మీద రోజుకూలికి వెళ్లాడు. చిలకమ్మ అన్నతో పోట్లాడితే వద్దన్నాడు. అతనికి భయమల్లా తల్లి గురించి. మొగుడు పోయాక గంగాలమ్మ గుడి ఊడ్చుకుంటూ, ఆ దీపం వెలుగులోనే తనని పెంచిన మనిషి. ఆమెకేమని చెప్పాలి? నెల్లాళ్లు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఒక సాయంత్రం పోతమ్మ వాకిట్లో కవ్వళ్ల చేపలు ఆరబెడుతుంటే పక్కన చతికిలబడి చెప్పేశాడు. "అమ్మా, నాను ఏసుని నమ్ముకున్నాను. భీమిలిలో బాప్తీసం తీసుకుంటన్నాను."

పోతమ్మ చేతులాగాయి. "అమ్మోరు నీకేటి తక్కువ సేసింది?"

"ఏటీ తక్కువ సెయ్యనేదు. నాను ఆమె మీద కోపంతో ఎల్లడం నేదు."

"ఎవులైనా డబ్బులిచ్చేరా?"

"నేదు. ఎల్లాజీ బావ బోటు మీద కూలి పోయింది, అంతే."

పోతమ్మ మళ్లీ చేపలు తిరగేయసాగింది. చివరికి చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

"నువ్వు తిరిగొచ్చేవని అందరూ అన్నారు. నాకు మాత్రం నువ్వు రానేదు" అంది. "అన్నం ముందు కూకుంటావు, కళ్లు ఎక్కడో ఉంటాయి. నా కొడుకు ఇంకా సముద్రంలోనే తిరగతన్నాడనుకునేదాన్ని. ఈ మద్దెనే నీ మొకం మొకంలాగుంది. ఎందుకో తెలక అమ్మోరికి దండం ఎట్టుకున్నాను. ఇదన్నమాట." చెంగు దోపుకుని అంది, "నాను మాత్రం ఆమెని ఒగ్గను."

"ఒగ్గమన్నానేటమ్మా."

"ఒకటి సెప్పు. ఆయన సేపలు తినొద్దంటాడా? కొందరు దేవుళ్లకి నీసు కిట్టదు."

తాతబాబుకి తెలీకుండానే నవ్వొచ్చింది. "ఆయనే ఒండేడమ్మా. వలేసి అలిసిపోయొచ్చినోళ్లకి ఒడ్డున నిప్పులేసి, సేపలు కాల్సి, రండి తినండని పిలిసేడంట."

"ఆయనేనా? మగోడు, పొద్దున్నే లేసి?"

"ఆయనే."

పోతమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుని కొడుకు వంక చూసింది. "అయితే మంచోడేరా. మీ నాయన ఒక్కనాడు పొయ్యి ముట్టించిన పాపాన పోనేదు" అంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆమెకి. తాతబాబు వీపు రాస్తూ తనూ నవ్వాడు, ఏడ్చాడు. నెల్లాళ్లుగా గుండెల మీదున్న బండరాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది.

తొంభై ఎనిమిది చివర్లో దువ్వాడ కూటం వాళ్లంతా బస్సు కట్టుకుని భీమిలి వచ్చారు. పోతమ్మ కూడా వచ్చింది, "సూడ్డానికే, మునగడానికి కాదు" అని ముందే చెప్పి. ఎల్లాజీ తనంతట తనే ఆర్టీసీ బస్సెక్కి వచ్చి, కొంచెం దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.

కొలిమి దగ్గర బెదరని గురునాథరావుకి సముద్రమంటే గుండె దడ. తెల్ల చొక్కా వేసుకుని నడుంలోతు నీళ్లలోకి దిగేసరికే తాతబాబు భుజం గట్టిగా పట్టుకున్నాడు. తాతబాబు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, వెనక్కి వంచి ముంచాడు. తాతబాబు లేచాడు. అదే సమయంలో పెద్ద అల ఒకటి వచ్చి గురునాథరావు కాళ్లు లాగేసింది.

తాతబాబు ఒక రెక్క పట్టుకున్నాడు. రెండో రెక్క పట్టుకున్నది ఎల్లాజీ. లుంగీ ఎగ్గట్టుకునే వ్యవధి కూడా లేకుండా దూకేశాడు. ఇద్దరూ కలిసి గురునాథరావుని ఒడ్డుకి తెచ్చి ఇసకలో కూచోబెట్టారు. ఆయన ఉప్పునీళ్లు ఉమ్మి, దణ్ణం పెట్టాడు.

"ఈత రాకుండా సముద్రంలో దిగేరేటి బాబూ?" అన్నాడు ఎల్లాజీ.

"మీ బావున్నాడు కదా అని" అన్నాడాయన.

ఎల్లాజీ లుంగీ పిండుకుంటూ తాతబాబు వంక చూశాడు. "సోమారం ఎల్తన్నాం. వస్తావా?"

"కొబ్బరికాయ?"

"నాను కొట్టుకుంటాను. నీ పని నువ్వు సేసుకో."

సోమవారం పొద్దున్న హార్బరులో ఎల్లాజీ బోటు ముక్కు మీద కాయ కొట్టి, పసుపు నీళ్లు చల్లి, ఇంజిను దగ్గరికెళ్లాడు. తాతబాబు ఒక పక్కన తలవంచి నిలబడి ఉన్నాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. కళాసీల్లో ఒకడు "కదుపు బావా, పొద్దెక్కుతంది" అన్నాడు.

"ఉండరా. ఆడి పని కానీయ్" అన్నాడు ఎల్లాజీ. తాతబాబు కళ్లు తెరిచేదాకా ఆగి, అప్పుడు ఇంజిను తిప్పాడు.