అమ్మేది

రెండువేల పదమూడు వేసవిలో, విశాఖపట్నంలోని ఒక చిన్న కంప్యూటర్ కంపెనీ షీబా అనే అమ్మాయిని నెల్లిమర్ల అవతల ఉన్న గోనెసంచుల మిల్లుకు పంపింది. మిల్లు ఆఫీసులో ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అనే పాత కంప్యూటరు ఒకటి ఉంది. నల్లటి బీరువాలా ఉండే ఆ మిషను షీబా పలక పట్టుకుని బడికి వెళ్లిన రోజుల్లో కొన్నది. అందులో పనికొచ్చే ఫైళ్లను కొత్త కంప్యూటర్లలోకి మార్చాలి, అక్కర్లేనివి తుడిచేయాలి, ఆఖరున మిషను ఆపేయాలి. కంపెనీలో ఆ పాత మిషను భాష తెలిసినది షీబా ఒక్కతే. ఆమెది శ్రీకాకుళం. ఈ పని అయ్యేదాకా విజయనగరం కంటోన్మెంటులో మేనత్త బేబీ ఇంట్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కి వచ్చేది.

ఏ ఫైళ్లు ఉంచాలో ఆఫీసు మేనేజరు రమేష్‌బాబు ముందే చెప్పేశాడు. మిగతావాటిని షీబా ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చింది. ‘ఎక్స్‌ట్రా3’ అనే ఫైలు దగ్గర మాత్రం మిషను మొరాయించింది. దీని మీద వేరే ఫైళ్లు ఆధారపడి ఉన్నాయి, తుడవడం కుదరదు అంది.

అలాంటప్పుడు కొట్టే ఆదేశం ఒకటుంది. డీఎస్పీడీబీఆర్ అని కొట్టి ఫైలు పేరు ఇస్తే, దాని మీద ఏయే ఫైళ్లు నిలబడి ఉన్నాయో మిషనే చూపిస్తుంది. ఇంట్లో గోడ పడగొట్టే ముందు దాని మీద ఏ దూలాలు ఆనుకుని ఉన్నాయో చూసుకోవడం లాంటిదన్నమాట. షీబా కొట్టింది. నల్లటి తెర మీద పచ్చటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క పేరు వచ్చింది.

అమ్మేది.

“సార్, అమ్మేది అంటే ఏంటి?” అని అడిగింది.

రమేష్‌బాబు టీ గ్లాసు పట్టుకునే వచ్చి తెరలోకి తొంగి చూశాడు. “అమ్మేదంటే ఏటుంటాదమ్మా, అమ్మకాలే. సంచులు అమ్మేది. పాత లెక్కలై ఉంటాయి. రెండూ కలిపి తీసీ.”

షీబాకు ఆ జవాబు సరిపోలేదు. ఎక్స్‌ట్రా3లో ఏముందో తెరిచి చూసింది. ఒక పక్క పేర్లు, ఒక పక్క అంకెలు. పేర్లేమో చిట్టి, పండు, బుజ్జి, నాని, పెదబుజ్జి.

“మార్కాలవి,” అన్నాడు రమేష్‌బాబు ధీమాగా. “పూర్వం సంచుల మీద సింహం మార్కా, పండు మార్కా అని అచ్చేసీవారు.”

“పెదబుజ్జి మార్కా కూడా ఉండేదా సార్?”

ఆయనకూ నవ్వొచ్చింది. “ఉండదంటావా? అయితే నాకు తెల్దు.”

ఆయన వెళ్లిపోయాక షీబా అదే ఆదేశాన్ని ఇంకో రకంగా వాడి చూసింది. తుడవాల్సినవాటిని వదిలేసి, ఉంచాల్సిన ఫైళ్ల పేర్లు ఇస్తూ వెళ్లింది. పనివాళ్ల వివరాల ఫైలు పేరిస్తే, దాని మీద ఆధారపడినవాటి మధ్యలో ‘అమ్మేది’ కనబడింది. ఏ రోజు ఎవరు ఏ మిషను మీద పని చేస్తున్నారో రాసుండే ఫైలు పేరిచ్చింది. అక్కడా ‘అమ్మేది’ ఉంది. అంటే ఈ అమ్మేదిలో సొంత సరుకంటూ ఏమీ లేదు. మూడు ఫైళ్ల మీద కాళ్లు మోపి, వాటిలో ఉన్నదాన్నే ఒక వరుసలో పెట్టి చూపిస్తుంది. సంచులు అమ్మడానికి ఫలానా మనిషి ఫలానా మిషను మీద ఉందని తెలియడం ఎందుకు?

ఆ ఫైలును ఆఖరిసారి ఎప్పుడు వాడారో చూసి షీబా కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ రోజే వాడారు. చూస్తుండగా కూడా ఎవరో దాన్ని తెరిచి పెట్టుకునే ఉన్నారు. ఏ తెర నుంచి తెరిచారో మిషను చెప్పింది గానీ, ఆ నంబరు తెర ఆఫీసులో లేదు.

“తెరలన్నీ ఎప్పుడో తీసీసేం,” అన్నాడు రమేష్‌బాబు. “ఇవి రెండే మిగిలినాయి. ఆ ఫైలు ఎవులు సేసేరో రాసి నేదా?”

“రాబర్ట్ అని ఉంది.”

“ఓ, రాబర్ట్ గారా! ఆయన రిటైరయిపోయి కళింగపట్నం ఎల్లిపోనాడు.” కాసేపు బుర్ర గోక్కున్నాడు. “ఒక పని సెయ్యమ్మా. ఆ ఫైలు పేరు మార్చీ. వాడేవాడెవడైనా ఉంటే ఆడే అరుసుకుంటూ వస్తాడు. ఎవులూ రాకపోతే తీసీయడమే.”

అలా చేయడం కొత్తేమీ కాదు, షీబా కంపెనీలోనూ చేస్తారు. కానీ ఆమెకు అరుపులు వినాలని లేదు, ఆ తెర ఎక్కడుందో చూడాలని ఉంది. “భోజనాల దాకా ఆగండి సార్, నేను కనుక్కొస్తాను,” అని లేచింది.

మిషను వెనక నుంచి తెరలకు పోయే నల్లటి తీగలు గోడ మొదట్లో తెగి వేలాడుతున్నాయి. ఒక్కటి మాత్రం తెగలేదు. గోడకున్న కన్నంలోంచి అవతలికి పోయింది. షీబా దాని వెంట నడిచింది.

తీగ గోగునార కట్టలు పేర్చిన గోడౌను దాటింది. నారను నూనె నీళ్లతో తడిపే చోట గోడ మీద జిడ్డులో కలిసిపోయి ఉంటే వేలితో తడుముకుంటూ వెళ్లింది. నూలు వడికే షెడ్డులోకి అడుగు పెట్టగానే చెవులు మూసుకోవాల్సి వచ్చింది. పక్కనున్న మనిషి నోరు కదలడం కనబడుతుంది గానీ మాట వినబడదు. గాలిలో నార దుమ్ము బంగారు రంగులో ఎగురుతోంది. మిషన్ల మధ్య తలకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు ఈ అమ్మాయి గోడకేసి చూస్తూ నడుస్తోందేమిటా అని వింతగా చూశారు. తీగ ఎన్నోసార్లు వేసిన వెల్ల కింద తెల్లబడి, వెనక గుమ్మం మీదుగా బయటికి పోయి, వేపచెట్టు పక్కనున్న రేకుల షెడ్డులోకి దూరింది.

లోపల దూలానికి చీరల ఉయ్యాలలు వేలాడుతున్నాయి. నేల మీద చాపలు. కొందరు పిల్లలు నిద్రపోతున్నారు, కొందరు గిన్నెలు బోర్లించి కొడుతున్నారు. అది మిల్లులో పనిచేసే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే చోటు. మూలన చెక్కబల్ల మీద, నెత్తిన కుట్టుపూల గుడ్డ కప్పుకుని, పచ్చటి తెర వెలుగుతోంది. అద్దం నిండా చిన్న చిన్న వేలిముద్రలు.

వెంట్రుకలు నెరిసిన ఒక ఆయా పిల్లాడి మూతి తుడుస్తూ తలెత్తింది. పేరు దాలమ్మ.

“పిన్నీ, ఈ కంప్యూటరు ఎవరిది?” అంది షీబా.

“నాదే. ఏటి, పట్టుకుపోడానికొచ్చేవా?”

షీబా జవాబు వెతుక్కునేలోపు చాప మీద ఒక పిల్లాడు కెవ్వుమన్నాడు. దాలమ్మ ఒక్క ఉదుటున వెళ్లి వాడి మొహం పైకెత్తి చూసింది. “ఓలమ్మ! సింతపిక్క ముక్కులో ఎట్టీసేడే ఈ గుంటడు!” వేలు పెడితే లోపలికి పోతుందని ముట్టుకోలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని తెర ముందు కూర్చుంది. ఒక్క వేలితో వెతుక్కుంటూ ‘నాని’ అని ఇంగ్లీషులో కొట్టింది. తెర మీద వరుస మారింది. ఎక్స్‌ట్రా3లో ఉన్నవి ఈ పిల్లల పేర్లనీ, పక్కనున్న అంకెలు తల్లుల నంబర్లనీ షీబాకు అప్పుడు తట్టింది. నాని తల్లి అసిరమ్మ అనీ, ఆ రోజు ఆమె ఏ షెడ్డులో, ఏ వరుసలో, ఎన్నో మిషను మీద ఉందో అంతా వచ్చేసింది.

“వడికే షెడ్డులో కిటికీ పక్క వరస, సివరి మిషను. నాను ఈడ్ని డాక్టరు గదికి తీసుకుపోతాను. నువ్వు ఎల్లి అసిరమ్మని తీసుకురా. బేగి! నీవి కుర్రకాళ్లు.”

షీబా పరుగెత్తింది. ఆ హోరులో పిలిచి లాభం లేదని తెలుసు. తిన్నగా చివరి మిషను దగ్గరికి వెళ్లి, అక్కడున్న మనిషి భుజం తట్టి, తన ముక్కు చూపించి, మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. అసిరమ్మకు అర్థమైంది. మిషను పక్కామెకు సైగ చేసి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని షీబా కంటే ముందే గుమ్మం దాటింది.

డాక్టరు గదిలో పిల్లాడు కాంపౌండరును దగ్గరికే రానివ్వడం లేదు. తల్లి ఒళ్లోకి తీసుకోగానే ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. “రెండో పక్క ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి గట్టిగా ఊదమ్మా,” అన్నాడు కాంపౌండరు. “నువ్వయితేనే ఊదనిస్తాడు.” అసిరమ్మ ముద్దు పెట్టుకున్నట్టు వంగి ఊదింది. చింతపిక్క టప్పున ఎగిరి కాంపౌండరు చొక్కా మీద పడింది. నాని ఏడుపు ఆపి, అది ఎక్కడ పడిందా అని వెతికాడు.

తిరిగి షెడ్డుకు నడుస్తూ షీబా అడిగింది. “పిన్నీ, ఆ తెరని మీరు ఏమంటారు?”

“అమ్మేది అంటాం. ఈ గుంటలు ఏడిసినప్పుడల్లా అడిగీది అదే కదా. అమ్మేది? అమ్మేది? అని.”

షీబా దారిలోనే ఆగిపోయి పకపకా నవ్వింది. మేనేజరు సంచులు అమ్మేది అనుకున్నాడని చెబితే దాలమ్మ కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మరి తల్లులెవరో మీకు తెలుసు కదా? వెళ్లి పిలిస్తే సరిపోదా?”

“తెలుస్తే ఏటి లాభం? ఏ రోజు ఏ మిషను మీద ఎడతారో ఆల్లకే తెల్దు. అసిరమ్మలు ఎంతమందున్నారో, పైడితల్లులు ఎంతమందున్నారో! ఆ హోరులో కేకేస్తే ఎవులకి ఇనబడతాది?”

సంగతంతా విని రమేష్‌బాబు తెర మీది ఆ పేరును మళ్లీ చదివాడు. “నాను ఆ షెడ్డులోకి ఎప్పుడూ ఎల్లనేదమ్మా,” అన్నాడు. “తెరలు తీసీసినప్పుడు కూడా అటేపు ఎవులూ సూడనేదు. కానీ మీ కంపెనీతో రాసుకున్న పనిలో ఇది నేదు కదా?”

“చిన్న పనే సార్. ఆ షెడ్డుకో కొత్త కంప్యూటరు ఇప్పించండి, అమ్మేదిని అందులోకి నేను మార్చిపెడతాను.”

ఆ పని అక్కడితో తేలిపోయింది గానీ షీబాకు ఇంకో ప్రశ్న మిగిలింది. ఇంత పనికొచ్చే ఫైలు గురించి రాబర్ట్ ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, చర్చి అయ్యాక శ్రీకాకుళంలో కళింగపట్నం బస్సెక్కింది.

రాబర్ట్ గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తోంది. ఆయన అరుగు మీద కూర్చుని తాటిముంజెలు వొలుస్తున్నాడు.

“వందనాలండి,” అని షీబా తానెవరో చెప్పింది. ‘అమ్మేది’ అన్న మాట వినగానే ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టాడు.

“ఇంకా నడుస్తన్నాదా అది!”

“నడుస్తోంది. కానీ దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదేమండీ?”

“అప్పటి పెద్దాయన ఒప్పుకోనేదమ్మా. పిల్లల ఏడుపులకి కంప్యూటరేటి అన్నాడు. అందుకే నానే గుట్టుగా సేసి, ఒక పాత తెర అక్కడెట్టీసేను. కాయితం మీద రాస్తే ఎవులో ఒకలు పట్టుకుని ఆపించీవారు. ఫైలుకి ఫైలు కట్టీసేను. తీసీయబోతే మిషనే అడ్డంపడతాది, ఎందుకా అని ఆ మనిషి సూస్తాడు అనుకున్నాను.”

“చూడకపోతే?”

“సూడనోళ్లూ ఉంటారు,” ఆయన ఒప్పుకున్నాడు. “ముందు అమ్మేది తీసీసి, తర్వాత కిందది తీసీయొచ్చు. అంతకంటే నానేటి సెయ్యగలను?” ఒక ముంజె ఆమె చేతిలో పెట్టాడు. “తినమ్మా, లేతది.”

“అసలు మీకు ఆ ఆలోచన ఎలా వచ్చిందండీ?”

“నాను ఆ ఉయ్యాలల్లో ఊగినోడినే. మాయమ్మ మరియమ్మ ఆ మిల్లులోనే నూలు వడికీది. ఒకరోజు నాకు జొరమొచ్చి ఏడుస్తంటే మరియమ్మని తీసుకురండి అన్నారు. ఎవులో ఎల్లి ఇంకో మరియమ్మని తీసుకొచ్చీసేరు. పాపం ఆవిడ తన పిల్లకేటయ్యిందో అని పరిగెట్టుకుంటా వచ్చింది. నన్ను సూసి ఆవిడ, ఆవిడ్ని సూసి నాను, ఇద్దరం ఒకటే ఏడుపు.” ఆయన నవ్వుతూనే చెప్పాడు గానీ కళ్లు సముద్రం వైపు తిప్పుకున్నాడు.

కొత్త కంప్యూటరు పిల్లల షెడ్డుకు వచ్చిన రోజు, ఈసారి పేర్లు తెలుగులో కనబడేలా చేసి షీబా దాలమ్మకు చూపించింది. దాలమ్మ అన్నీ నొక్కి చూసింది, బాగుందంది, ఆ తర్వాత సణిగింది.

“తల్లెక్కడుందో సెప్తాది, సరే. తండ్రి ఎక్కడున్నాడో సెప్పదేటి? ఈల్ల నాన్నలు సగం మంది ఈ మిల్లులోనే కదా ఉన్నారు. ఎప్పుడూ ఆడదే పరిగెట్టాలేటి?”

నిజమే అనిపించింది షీబాకు. రాబర్ట్ గారికి తట్టలేదు, తనకూ తట్టలేదు. సాయంత్రం బస్సు వదులుకుని కూర్చుని, దాలమ్మను అడిగి తండ్రుల పేర్లు కూడా కలిపింది.

మర్నాడు ఒక పాపకు ఒళ్లు వెచ్చబడింది. దాలమ్మ పేరు కొట్టింది. తల్లి సెలవులో ఉంది, పొద్దున్నే పాపను దింపి పని మీద ఊళ్లోకి వెళ్లింది. తండ్రి జోగయ్య నార తడిపే చోట ఉన్నాడు. కబురు వెళ్లిన కాసేపటికి జోగయ్య మోచేతుల దాకా నూనె జిడ్డుతో గుమ్మంలో నిలబడ్డాడు. అతను ఆ షెడ్డు లోపలికి రావడం అదే మొదటిసారి.

“నన్నే రమ్మన్నారా?” అన్నాడు, పొరపాటు పడ్డారేమోనన్నట్టు.

“నిన్నే. సేతులు కడుక్కుని రా,” అంది దాలమ్మ.

కడుక్కుని వచ్చాడు. పాపను ఎలా ఎత్తుకోవాలో తెలియక ముందు రెండు చేతులూ చాపి పళ్లెంలా పట్టాడు. దాలమ్మ సరిచేసి భుజానికేసి ఆనించింది. పాప వేడి మొహం అతని మెడలో దాచుకుంది. జోగయ్య కదలకుండా నిలబడి, గొంతు తగ్గించి షీబాను అడిగాడు.

“ఇక్కడ్నించి డాక్టరు గది ఏ పక్కనమ్మా?”

షీబా ముందు నడుస్తూ దారి చూపించింది.