కదూ టీచరు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. శిశుతరగతి టీచరుగారి నోరు మంచిదే, ఆ మాటలో అనుమానం లేదు. కాకపోతే భగవంతుడు దానికి తలుపులు పెట్టడం మర్చిపోయాడు. బడి గేటు దాటకముందే మొదలయ్యే ఆవిడ మాటలు సాయంత్రం చివరి పిల్ల ఇంటికెళ్లేదాకా ఆగవు. పైగా ప్రతి మాటకీ ఒక తోక. "ఇదేం రంగు? ఎరుపు కదూ!" "ఎందుకేడుస్తున్నావు? అమ్మ గుర్తొచ్చింది కదూ!" అందుకే ఆవిడ వెనకాల అందరూ కదూ టీచరు అంటారు. ఆవిడకీ తెలుసు, పట్టించుకోదు.

భర్త కరెంటు పని చేస్తాడు. పెళ్లికి ముందు ఆయన కూడా బాగానే మాట్లాడేవాడని చుట్టాలు చెబుతుంటారు. సాక్ష్యం మాత్రం దొరకలేదు.

అలాంటి ఆవిడని ఈ ఏడాది ప్రతి శనివారం టీచర్ల శిక్షణకి వెళ్లమన్నారు. "తాతకు దగ్గులు నేర్పుతారట!" అని ఇల్లు పీకి పందిరేసింది. ఎంతమంది పిల్లలకి చెప్పుల కుడి ఎడమలు నేర్పిన చేతులవి! తీరా వెళ్తే, పాఠం చెప్పే అమ్మాయికి తన కూతురి వయసు. ముందు వరసలో కూచుని ఆ అమ్మాయి అడిగిన ప్రతిదానికీ మన టీచరే జవాబు చెప్పింది. పక్కవాళ్లని అడిగినవాటికి కూడా.

అయినా బుద్ధిగా వెళ్లడానికి కారణం ఒకటుంది. ఈ ఏడాదే తరగతిలో ఒక పాప చేరింది. చేరిన రోజు నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయా ఆ పిల్లకి ముద్దుగా బెల్లంరాయి అని పేరు పెట్టింది, అడిగినప్పుడల్లా బెల్లం కొట్టిన రాయిలా కూచుంటుందని. ఇంట్లో కూడా అంతంత మాత్రమేనట. కిందటి వారం వాళ్లమ్మ వచ్చి చెప్పేసింది. "ఇక్కడ కూడా నోరు విప్పకపోతే ఇంకెందుకండీ? నెలాఖరుకి మాన్పించేసి మా అమ్మ దగ్గర పెడతాను."

టీచరుకి ఆ మాట గుచ్చుకుంది. తన తరగతిలోంచి ఇంతవరకు ఏ పిల్లా మాట రాకుండా వెళ్లలేదు. ఆ పూట అన్నం సయించలేదు. ఆ పిల్ల కూచునే చిన్న కుర్చీ రేపు ఖాళీగా ఉంటుందనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఆ శనివారం శిక్షణలో ఇంటిపని ఇచ్చారు. తమ తరగతిని తామే ఫోనులో రికార్డు చేసుకుని వినాలట. ఇదెంత పని! టీచరు రికార్డు చేసింది, ఇంటికొచ్చి వంటగట్టు మీద ఫోను పెట్టి, భర్తని కూడా పిలిచి కూచోబెట్టింది. తన ప్రతిభ ఇంట్లో ఒకరైనా వినాలి కదా.

కాసేపు విన్నాక ఆయన అడిగాడు. "పిల్లలెక్కడే ఇందులో?"

"సరిగ్గా వినండి, ఉన్నారు!"

ఉన్నారు. దగ్గుతున్నారు, కుర్చీలు లాగుతున్నారు. మాటలు మాత్రం అన్నీ ఈవిడవే. అడిగేదీ ఈవిడే, చెప్పేదీ ఈవిడే, శభాష్ అనేదీ ఈవిడే. ఇంతలో ఫోనులోంచి, "పిట్ట ఎక్కడ కూచుందిరా బంగారం? కొమ్మ మీద కదూ!" అని వినబడింది. టీచరు ఉలిక్కిపడి మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య, ఆవిడ ఊపిరి పీల్చుకున్నంత సందులో, సన్నగా ఒక "కొ..." ఉంది. అది బెల్లంరాయి గొంతు. దాని మీద ఈవిడ "కొమ్మ మీద" బండరాయిలా పడింది.

భర్త చెయ్యి చాపి ఫోను ఆపేశాడు.

తర్వాతి శనివారం, జీవితంలో మొదటిసారి, చివరి వరసలో కూచుంది. ఆ అమ్మాయి చెప్పిందంతా ఒకటే. అడిగాక ఆగండి. నోరు మూసుకోండి అనడం మర్యాద కాదు గనక దానికేదో పెద్ద పేరు కూడా చెప్పింది.

సోమవారం టీచరు ఆగడం మొదలుపెట్టింది. బడి బడంతా హడలిపోయింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయా పరిగెత్తుకెళ్లి వేణ్ణీళ్లు తెచ్చింది. "గొంతు పట్టేసిందా టీచరమ్మా? ఇంటికెళ్లి పడుకోండి, నేను చూసుకుంటాను." టీచరు చేత్తోనే వద్దంది. మాట్లాడకపోవడం ఇంత కాయకష్టమని ఆవిడకి తెలీదు.

బొమ్మల అట్ట తీసింది. ఏళ్ల తరబడి చూపిస్తున్న అట్టే, ఒక గది, ఒక బల్ల, ఒక పిల్లి. బెల్లంరాయి ముందు కూచుని అడిగింది.

"పిల్లి ఎక్కడ దాక్కుంది?"

ఆగింది. వెనక పిల్లలు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. ఫ్యాను తిరుగుతోంది. "బల్ల కింద కదూ" నాలుక చివరిదాకా వచ్చేసింది, మింగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగింది. పాప అట్ట మీదికి వంగింది. వేలు పెట్టింది. తీసింది.

"దాక్కోలేదు," అంది. "తోక కనిపిస్తోందిగా."

టీచరు అట్ట తిప్పి చూసుకుంది. నిజమే! బల్ల కిందనించి తోక పొడుచుకొచ్చి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ దాన్ని చూడలేదు. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆ పిల్లని ఒళ్లోకి లాక్కుని ఊరంతా చాటింపు వెయ్యాలనిపించింది. మళ్లీ ఎక్కడ తొక్కేస్తానో అని భయపడి, "అవును," అని మాత్రం అంది.

సాయంత్రం గేటు దగ్గరికి వాళ్లమ్మ వచ్చింది. వస్తూనే సంచీ అందుకుంది. "ఏమ్మా, ఆకలేస్తోందా? వేస్తోంది కదూ, పద పద..."

టీచరు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆగండి."

"ఏమైందండీ?"

"ఏం లేదు. అడిగారుగా, కాస్త ఆగండి."

బడి వదిలిన హడావిడిలో ఇద్దరు ఆడవాళ్లు నోళ్లు మూసుకుని నిలబడ్డారు. పాప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తొందరేమీ పడలేదు.

"ఆకల్లేదు," అంది. ఇంకాసేపు ఆగి, ఇప్పుడు కూడా ఎవరూ అడ్డు రావడం లేదని చూసుకుని, "నేను అమ్మమ్మ దగ్గరికి వెళ్లను. రేపు ఇక్కడికే వస్తా," అంది.

ఆ సంగతి అంతవరకు ఆ పిల్లనెవరూ అడగలేదు.