పదిహేడో ప్లమ్ పండు

"ఒక్క ఓటుతో పోయిందే, ఎడ్మే! ఎంత దగ్గరకొచ్చావో!" అన్నాడు మా ఆయన ఫెర్నాన్, నేను తీపి టార్టు కాల్చడానికి ప్లమ్ పండ్లు కడుగుతుంటే. ఓదార్పట అది. పొద్దున్న నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తిన మనిషి.

మొజెల్ నదివైపు వాలులో ఉన్న పాత ద్రాక్షతోటలో కొత్త తీగలు నాటాలా, పొదలకి వదిలేయాలా అన్నది ఇవాళ్టి ఓటు. నాటాలని అడిగింది నేనే. పంతొమ్మిది చలికాలాలు ఆ తీగలు కత్తిరించింది నేను. అరిగినవి నా మోకాళ్లు. మా వైన్ కంపెనీలో అత్తగారికి, ఫెర్నాన్‌కి, మరిది అలోయ్స్‌కి నాలుగేసి ఓట్లు. ఆడపడుచులు ట్రీనికి, మార్గోకి రెండేసి. నాకు ఒకటి. మొత్తం పదిహేడులో పన్నెండు వస్తేనే ఏదైనా నెగ్గేది. అత్తగారు, అలోయ్స్, ట్రీని నావైపే ఎత్తారు. నాదీ కలిపి పదకొండు. ఇంకొక్కటి ఉంటేనా అని ఏడుపొచ్చింది.

ఏం తోచక ఆ పండ్లనే బల్లమీద కుప్పలు పెట్టాను. నాలుగు, నాలుగు, నాలుగు, రెండు, రెండు. చివర నా ఒక్క పండు. మిగతా కుప్పల్ని ఎటు కలిపినా పది వస్తోంది, పన్నెండు వస్తోంది, పదకొండు మాత్రం రాదు. అన్నీ జతలేగా! మరి నా ఒక్కటి వెళ్లి పన్నెండు పూర్తిచేసేదెప్పుడు? ఎప్పటికీ లేదు. ఏటా మంచి గౌను ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లి చెయ్యెత్తానే, ఎంత వెర్రిదాన్ని! "నీకూ ఓటుంది కదా" అంటూ ఇన్నాళ్లూ నాచేత చాకిరీ చేయించుకున్నారు.

సాయంత్రం అందరూ మళ్లీ చేరాక టార్టు, కాఫీ పెట్టాను. మీటింగు పుస్తకం రాసేదీ నేనే. తెరిచాను.

"అత్తయ్యా, ఇంకో మాట. ఇకనుంచి పన్నెండు కాదు, పదకొండు చాలు. అప్పుడు పదికి నా ఒకటి తోడైతే సరిపోతుంది."

ఫెర్నాన్ నవ్వాడు. "ఒక్కటి తగ్గిస్తే ఏమొస్తుందే?"

"ఏమీ రాకపోతే ఎత్తు చెయ్యి."

అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని ఆగిపోయారు. "పొద్దున్న నీకోసం ఎత్తాను కదమ్మా. మీ మామగారు పెట్టిన రూలు, దాని జోలికెళ్లకు."

అలోయ్స్ కిటికీలోంచి బయటికి చూశాడు. ట్రీని ప్లేటులోంచి తల ఎత్తలేదు. తోట కోసం లేచిన చేతులు నాకోసం లేవలేదు. ఒళ్లు మండిపోయింది.

అనుకూలం ఒకటి, వ్యతిరేకం పదహారు అని రాసి, ఏప్రన్ విప్పి పుస్తకం మీద పెట్టాను.

"రేపు ద్రాక్షకోత. ఇరవైమంది కూలీలకి వండటానికి బంగాళాదుంపల చెక్కు తీయాలి. నాలుగేసి ఓట్లున్నవాళ్లు కాస్త పెందలాడే లేవండి."