మామగారి కోటు జేబు

కటింగ్ మాస్టరు సిగరెట్ మానేసి ఇరవై రోజులైంది. ఈ ఇరవై రోజుల్లో అతనికి సలహా ఇవ్వని మనిషి లేడు, సాయం చేసిన మనిషీ లేడు.

చొక్కాలు కుట్టే ఆ షాపులో కాజాలు కుట్టే మనిషిని అందరూ కాజా అనే పిలిచేవారు. మాస్టరుతో పదిహేనేళ్ల స్నేహం. మొదటిరోజే సిగరెట్ పెట్టె తెరిచి మాస్టరు ముక్కు కింద పెట్టాడు.

"ఒక్కటే మాస్టరూ. ఒక్కదానితో కొంప మునిగిపోతుందా?"

"మునుగుతుంది."

"నువ్వు రాకపోతే నేను షాపు మెట్ల మీద ఒక్కణ్ణే నిలబడి కాల్చాలి. గోడతో మాట్లాడుకోమంటావా?"

ఆ మాటకు మాస్టరుకు జాలేసింది. కానీ మెట్లవైపు అడుగు వేస్తే తన పని గోవిందా అని తెలుసు. చేతులు మాత్రం ఊరుకోవు కదా! నాలుగోరోజు గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దను పరధ్యానంగా పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఆ రోజంతా నీలం మూతితోనే కొలతలు తీసుకున్నాడు. కాజా పొట్ట పట్టుకుని నవ్వాడు. అద్దంలో చూసుకున్నాక మాస్టరూ నవ్వాడు.

ఇంట్లో ఇంకో రకం. నెల రోజులు ఉండి వెళ్దామని వచ్చిన మామగారు లవంగం నములుతూ రెండు పూటలా మందు వేసినట్టు ఒకటే మాట చెప్పేవారు. "నేనూ తాగినవాణ్ణే అల్లుడూ. ఒక్క పూటలో విసిరి పారేశాను. మనసు గట్టిగా ఉండాలి!"

భార్య సలహాలు ఇవ్వలేదు, వాసన చూసేది. అంతకుముందు నాలుగుసార్లు మానేశానన్నాడు, నాలుగుసార్లూ దొరికిపోయాడు. "ఈసారి కూడా దొరికితే ఇంకెప్పుడూ మీ మాట నమ్మనండీ," అని మెల్లగా చెప్పింది. అరిచి ఉంటే బాగుండేది. ఆ మెల్లగా చెప్పడమే అతని గుండెలో గుచ్చుకుంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం గుమ్మంలోనే కాలర్ పట్టుకుని ముక్కు ఆనించేది.

ఇంతమందిలో ఒక్కరూ "కష్టంగా ఉందా?" అని అడగలేదు. అడిగి ఉంటే సిగ్గు విడిచి చెప్పేసేవాడే.

మంచి జరగలేదని కాదు. పదిహేనోరోజున కొత్త తాను విప్పితే గంజి వాసన గుప్పుమంది. గుడ్డకు వాసన ఉంటుందన్న సంగతే మర్చిపోయాడు. సంతోషం పట్టలేక షాపులో ఉన్న తానులన్నీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"అయ్యో పాపం, మతి పోయింది," అన్నాడు కాజా.

ఇరవై ఒకటోరోజు పొద్దున మామగారు తమ కోటు చేతికిచ్చి, జేబు చిరిగింది కుట్టిపెట్టమన్నారు. షాపులో లైనింగ్ విప్పి చెయ్యి పెడితే, జేబు చిల్లులోంచి జారిపోయిన రెండు సిగరెట్లు, ఒక లవంగం బయటికొచ్చాయి. ఒకటి కొత్తది. రెండోది సగం కాల్చి ఆర్పింది. మాస్టరు ముక్కు ఇప్పుడు పనిచేస్తోంది కదా, అది నిన్నటిదేనని పట్టేసింది.

మొదట ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, కొత్త సిగరెట్ తనంతట తనే వేళ్ల మధ్య సర్దుకుంది. కాజా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, అప్పటికే అగ్గిపుల్ల గీశాడు.

"దేవుడే పంపాడు. కాదనకు మాస్టరూ."

మాస్టరు రెండు క్షణాలు ఆ మంటనే చూసి, ఉఫ్ మని ఊదేశాడు. మామగారికి చాటుగా ఇచ్చేద్దామని రెండు సిగరెట్లూ చొక్కా జేబులో వేసుకుని కుట్టుపనిలో పడ్డాడు. ఇంటి గుమ్మం సంగతే మర్చిపోయాడు.

సాయంత్రం భార్య కాలర్ పట్టుకుంది. ముక్కు కిందికి దిగింది. రెండు వేళ్లతో జేబులోంచి రెండూ తీసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎదురుగా సోఫాలో మామగారు అల్లుడి చేతిలోని కోటు చూశారు, సిగరెట్లు చూశారు, ముఖం పేపరు వెనక దాచుకున్నారు. పేపరు వణుకుతోంది. అవి ఎవరివో ఒక్క మాట చెప్పేస్తే మాస్టరు నిందలోంచి బయటపడతాడు. కానీ దొరికిపోయినప్పుడు చేతులు ఎలా వణుకుతాయో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

"ఏదో ఒకటి చెప్పండి," అంది భార్య.

"నేను తాగలేదు. అంతకుమించి చెప్పలేను."

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"అవి నావమ్మా," అన్నారు మామగారు. "ఒక్క పూటలో మానేశానన్నానే... ఆ పూట ఇంకా రాలేదు."

భార్య తండ్రిని చూసింది. మళ్లీ మొగుడి కాలర్ పట్టుకుని గుండెల నిండా పీల్చింది. గంజి, సుద్ద, చెమట. ఇంకేమీ లేదు. ఏడుస్తూనే పకపకా నవ్వేసింది.

"ఇరవై ఒక్క రోజులండీ! నిజంగా ఇరవై ఒక్క రోజులు!" అంటూ కాలర్ వదలదే! చివరికి తండ్రివైపు చెయ్యి చాచింది. "పెట్టె ఎక్కడ నాన్నా?"

దిండు గలీబులోంచి పెట్టె బయటికొచ్చింది. మర్నాటి నుంచి సాయంత్రం తనిఖీకి గుమ్మంలో ఇద్దరు మగాళ్లు వరుసగా నిలబడ్డారు.

మూడోరోజు పొద్దున మాస్టరు పనికి బయల్దేరుతుంటే మామగారు వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. లవంగం లేదు, ఉపన్యాసం లేదు. అల్లుడి సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుకుంటున్నారు. మాస్టరు సంచి కిందపెట్టి పక్కన కూర్చున్నాడు.

"కష్టంగా ఉందా మామయ్యా?"

పెద్దాయన తలెత్తారు. మూతి చుట్టూ నీలం.

"చాలా, అల్లుడూ."

"నాకూ అంతే," అన్నాడు మాస్టరు. ఆ రోజు అతను షాపుకు గంట ఆలస్యంగా వెళ్లాడు.